ఫాక్స్‌ప్రో ప్రోగ్రామును పనిలోంచి తప్పించడం: డేటా పోకుండా, లెక్క తప్పకుండా దశలవారీ పద్ధతి

ఫాక్స్‌ప్రోలో రాసిన బిల్లింగ్, లెడ్జర్, జీతాలు, వడ్డీ లెక్కల ప్రోగ్రాములను (ఫాక్స్‌ప్రో అంటే డేటాను పట్టికలుగా దాచి నడిపే మైక్రోసాఫ్ట్ వారి పాత సాధనం) ఇప్పటికీ నడుపుతున్నవారు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: దీన్ని ఆపేయాలంటే ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి? ఆ క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చరిత్ర జోలికి పోవడం లేదు.

విజువల్ ఫాక్స్‌ప్రో 9 తర్వాత మరో వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007 మార్చిలోనే ప్రకటించింది. 2015 జనవరి 13తో మద్దతు పూర్తిగా ముగిసింది. ఆ వెర్షన్‌లో చేసిన ప్రోగ్రాములు నేటి విండోస్‌లో కూడా చాలావరకు నడుస్తున్నాయి కాబట్టి తొందరేమీ లేదనిపించవచ్చు. అయితే డాస్ కాలపు ఫాక్స్‌ప్రో 2.6 ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మరోవైపు, ఎవరు ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో నమోదు చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే కంపెనీలు వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైలును బ్రౌజ్ ఆదేశంతో పట్టికలా తెరిచి అంకె మార్చేస్తే దానికి ఆనవాలే మిగలదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో కోడ్‌ను వేరే భాషలో తిరగరాయడం చిన్న భాగం. డేటా ఫైళ్లలోనూ, ప్రోగ్రాము ఎలా నడవాలో నిర్ణయించే సెట్ ఆదేశాల్లోనూ, ఆపరేటర్ల అలవాట్లలోనూ దాగి ఉన్న నియమాలను బయటికి తీయడం పెద్ద భాగం. బడ్జెట్టూ గడువూ ఈ లెక్కన వేసుకోకపోతే పని సగంలో ఆగిపోతుంది.

1. మీ దగ్గరున్నది ఏ ఫాక్స్‌ప్రో?

ప్రోగ్రాము రాసినవారు అందుబాటులో లేకపోయినా డేటా ఫైలే సమాధానం చెబుతుంది. ఏదైనా డీబీఎఫ్ ఫైలు నకలును హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే సాధనం) తెరిచి మొదటి బైటు చూడండి.

- 03 ఉంటే మెమో (పొడవైన రాత పట్టే ఫీల్డు) లేని పాత రకం టేబుల్.
- ఎఫ్5 ఉంటే మెమో ఉన్న ఫాక్స్‌ప్రో 2 రకం.
- 30 ఉంటే విజువల్ ఫాక్స్‌ప్రో రకం.

ఒకే ఫోల్డర్‌లో మూడు రకాలూ కలిసి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ప్రోగ్రామును మధ్యలో ఎవరో సగం అప్‌గ్రేడ్ చేసి వదిలేశారని అర్థం.

తర్వాత దారి ఎంచుకోవాలి. ఉన్నది మామూలు పద్దులు, స్టాకు, బిల్లులు మాత్రమే అయితే కొత్తగా రాయించవద్దు. మార్కెట్లో దొరికే అకౌంటింగ్ ప్యాకేజీలోకి ఖాతాలనూ ప్రారంభ నిల్వలనూ తీసుకువెళ్లి, పాతదాన్ని చూడడానికి మాత్రమే ఉంచుకోండి. సహకార సంఘం అప్పుల వడ్డీ, చిట్టీల డివిడెండు, మిల్లు కమీషను వంటి మీకే ప్రత్యేకమైన లెక్కలు ఉన్నప్పుడు మాత్రమే కొత్త ప్రోగ్రాము రాయించడం న్యాయం. ఈ నిర్ణయాన్ని ప్రోగ్రామరుకు వదలకండి. ఆ లెక్కతో రోజూ పనిచేసే అకౌంటెంటునూ, సంతకం పెట్టే అధికారినీ కూర్చోబెట్టి తేల్చండి.

2. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకోవడం

ఫాక్స్‌ప్రో అనగానే అందరికీ గుర్తొచ్చేవి డీబీఎఫ్, పీఆర్‌జీ ఫైళ్లు. అసలు సమాచారం చాలాసార్లు మిగతా వాటిలో ఉంటుంది. జాబితాలో ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

- డీబీఎఫ్‌తోపాటు దానికి జతగా ఉండే ఎఫ్‌పీటీ మెమో ఫైలు, సీడీఎక్స్ ఇండెక్స్ ఫైలు.
- పీఆర్‌జీ సోర్స్ ఫైళ్లు, వాటిని కంపైల్ చేసిన ఎఫ్‌ఎక్స్‌పీ ఫైళ్లు, ఈఎక్స్‌ఈ.
- రిపోర్టుల ఎఫ్‌ఆర్‌ఎక్స్, స్క్రీన్ల ఎస్‌సీఎక్స్, మెనూల ఎంఎన్‌ఎక్స్, ప్రాజెక్టు పీజేఎక్స్.
- డేటాబేస్ కంటైనర్ ఉంటే డీబీసీ, దాని జత ఫైళ్లు.
- కాన్ఫిగ్ ఫైలు, బ్యాచ్ ఫైళ్లు, రాత్రిపూట నడిచే బ్యాకప్ ఆదేశాలు.
- మెమ్ ఫైళ్లు.

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఆఖరి బిల్లు నంబరు, ఆఖరి ఓచరు నంబరు, వడ్డీ రేటు, సంస్థ పేరు వంటివి వేరియబుల్స్‌గా మెమ్ ఫైలులో దాచడం ఆనాటి ప్రోగ్రామర్ల అలవాటు. అది పోతే బిల్లు నంబరు ఒకటి నుంచి మొదలవుతుంది.

రిపోర్టు, స్క్రీన్, మెనూ ఫైళ్లు నిజానికి పేరు మార్చుకున్న డీబీఎఫ్ టేబుళ్లే. యూజ్ ఆదేశంతో ఎఫ్‌ఆర్‌ఎక్స్‌ను తెరిచి బ్రౌజ్ చేస్తే రిపోర్టులోని ప్రతి గడి వెనుకున్న ఫార్ములా కనిపిస్తుంది. పీఆర్‌జీలో ఎంత వెతికినా దొరకని లెక్క చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

సంవత్సరానికొక ఫోల్డర్ చేసే పద్ధతి ఉంటే, ప్రతి ఫోల్డర్‌లోనూ టేబుళ్ల నిర్మాణం వేరుగా ఉండే అవకాశం ఎక్కువ. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చినప్పుడు కొత్త ఫీల్డులు చేర్చి ఉంటారు, అంతకుముందు ఫోల్డర్లలో వ్యాట్ ఫీల్డులే ఉంటాయి. అందుకే ఒక్క ఏడాది నిర్మాణం చూసి అన్నీ అంతేననుకోవద్దు.

3. కదలని నకలు

అందరూ ప్రోగ్రాములోంచి బయటికి వచ్చాక, సర్వర్‌లో ఏ ఫైలూ తెరిచి లేదని నిర్ధారించుకుని, మొత్తం ఫోల్డరును కాపీ చేయండి. ప్రతి ఫైలుకూ హ్యాష్ విలువ (ఫైలులో ఏది మారినా తానూ మారే గుర్తింపు సంకేతం) తీసి, ఆ పట్టికను ముద్రించి, సంతకంతో దాచండి. ఈ నకలు రీడ్ ఓన్లీగా ఉండాలి. పనులన్నీ దాని మరో నకలు మీదే చేయాలి.

అసలు ఫైలు మీద చేయకూడని పనులు మూడు:

- ప్యాక్ కొట్టడం. డిలీట్ గుర్తు పడిన రికార్డులు శాశ్వతంగా పోతాయి.
- విజువల్ ఫాక్స్‌ప్రోలో తెరిచి నిర్మాణం మార్చి సేవ్ చేయడం. ఆ టేబుల్‌ను తర్వాత పాత 2.6 ప్రోగ్రాము తెరవలేకపోవచ్చు.
- ఎక్సెల్‌లో తెరిచి వేరే రూపంలో సేవ్ చేసి, అదే బ్యాకప్ అనుకోవడం.

4. కోడ్‌లోని నియమాలను కాగితం మీదికి తీయడం

ఎక్కువ సమయం ఇవ్వవలసినది ఈ దశకే. కోడ్‌ను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవనక్కరలేదు. ముందు సెట్ ఆదేశాలన్నిటినీ వెతికి ఒకచోట చేర్చండి, ఎందుకంటే ఫాక్స్‌ప్రోలో ఒకే వరుస కోడ్ వాటిని బట్టి వేర్వేరు ఫలితాలిస్తుంది.

*సెట్ డిలీటెడ్.* డీబీఎఫ్‌లో ప్రతి రికార్డుకూ మొదటి బైటు ఒక గుర్తు. ఖాళీ ఉంటే రికార్డు బతికున్నట్టు, నక్షత్రం ఉంటే తొలగించినట్టు. నక్షత్రం పడినా డేటా అక్కడే ఉంటుంది. సెట్ డిలీటెడ్ ఆన్ అని ఉన్న రిపోర్టు ఆ రికార్డులను లెక్కలోకి తీసుకోదు, ఆఫ్ అని ఉన్న రిపోర్టు తీసుకుంటుంది. ఏళ్ల తరబడి ఒక రిపోర్టు మొత్తం మరో రిపోర్టు మొత్తంతో కలవడం లేదన్న ఫిర్యాదు ఉంటే మొదట ఇక్కడ చూడండి.

*సెట్ ఎగ్జాక్ట్.* ఇది ఆఫ్‌లో ఉంటే, సమానమా అని పోల్చేటప్పుడు కుడివైపు మాట అయిపోయేదాకా మాత్రమే ఫాక్స్‌ప్రో చూస్తుంది. ఖాతా పేరు రామారావు అయినా, రామ అని వెతికితే సమానమే అంటుంది. కొత్త డేటాబేస్‌లలో వాడే ఎస్‌క్యూఎల్ భాష మామూలుగా అలా అనదు. కొత్త ప్రోగ్రాములో పేరు దొరకడం లేదన్న మాట మొదటి రోజే వినిపిస్తుంది. అంతకన్నా ప్రమాదం గ్రూపు కోడ్లది: 12 అనే గ్రూపు అడిగితే 121, 122 ఉపగ్రూపులు కూడా వచ్చి చేరేలా, ఈ గుణాన్నే ఆసరా చేసుకుని రాసిన లెక్కలు ఉంటాయి. అటువంటి ప్రతి పోలికనూ గుర్తించి, కొత్తదానిలో మొదటి అక్షరాలతో పోల్చే రూపంలో స్పష్టంగా రాయించండి.

*సెట్ డేట్, సెట్ సెంచరీ.* తేదీలో సంవత్సరం రెండంకెలుగా తీసుకునే స్క్రీన్లు ఉంటే, ఏ అంకె దగ్గర శతాబ్దం మారుతుందో రోల్ఓవర్ విలువ చెబుతుంది. ఆ విలువ తెలియకుండా పుట్టిన తేదీలను మార్చితే పింఛనుదారులు పసిపిల్లలవుతారు.

*రౌండింగ్.* రూపాయికి సరిచేయడం ఎక్కడ జరుగుతోందో చూడండి. ఒక్కొక్కటి 10.40 రూపాయల చొప్పున మూడు వరుసలున్న బిల్లును తీసుకుందాం. వరుసవారీగా రూపాయికి సరిచేస్తే మొత్తం 30. ముందు కూడి తర్వాత సరిచేస్తే 31.20 కాస్తా 31 అవుతుంది. రెండూ తప్పు కాదు, కానీ మీ పాత ప్రోగ్రాము ఏది చేసిందో కొత్తది అదే చేయాలి. వడ్డీ లెక్కల్లో రోజుల సంఖ్యను 365తో భాగించారా, 360తోనా, అప్పు తీసుకున్న రోజునూ తీర్చిన రోజునూ రెంటినీ లెక్కించారా అన్నది కూడా ఇక్కడే రాసుకోండి.

*మాక్రో గుర్తు.* ముందు ఆంపర్‌శాండ్ (&) గుర్తు పెట్టిన వేరియబుల్‌లోని అక్షరాలను ఫాక్స్‌ప్రో అప్పటికప్పుడు ఆదేశంగా నడుపుతుంది. షరతులనూ ఫార్ములాలనూ టేబుల్‌లో అక్షరాలుగా దాచి ఇలా నడిపించే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఆ టేబుల్‌లోని ప్రతి వరుసా కోడే అని భావించి నియమాల పట్టికలో చేర్చండి.

సోర్స్ పోయి ఈఎక్స్‌ఈ మాత్రమే మిగిలిందా? ఫాక్స్‌ప్రో కంపైలర్ యంత్రభాషలోకి మార్చదు కనుక రీఫాక్స్ వంటి డీకంపైలర్లతో కోడ్‌ను చాలావరకు వెనక్కి తేవచ్చు. ప్రోగ్రాము హక్కులు ఎవరివో ఒప్పందం చూసుకున్నాకే ఆ పని చేయండి.

5. డేటాను బయటికి తీయడం

ఖాతాలు, గ్రూపులు, వస్తువులు, రేట్ల వంటి మాస్టర్ టేబుళ్లు ముందు, లావాదేవీలు తర్వాత. పైథాన్ తెలిసినవారుంటే డీబీఎఫ్‌రీడ్ లైబ్రరీ చాలు. అది ఇండెక్స్ ఫైళ్లతో పనిలేకుండా చదువుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి నేరుగా ఎక్కించాలంటే పీజీలోడర్ అనే సాధనం ఉంది. కొద్దిపాటి ఫైళ్లను కంటితో చూసుకోవడానికి లిబ్రెఆఫీస్ పనికొస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఫాక్స్‌ప్రో ఓడీబీసీ, ఓఎల్‌ఈడీబీ డ్రైవర్లు (వేరే ప్రోగ్రాములు ఈ డేటాను చదవడానికి వాడేవి) 32 బిట్‌వి మాత్రమే, 64 బిట్ ఆఫీసు నుంచి అవి అందవు.

ఫాక్స్‌ప్రోలోంచే కాపీ టు ఆదేశంతో సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన అక్షరాల ఫైలు) తీసేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మెమో ఫీల్డులు అందులోకి రావు. సెట్ డిలీటెడ్ ఆన్‌లో ఉంటే నక్షత్రం పడిన రికార్డులూ రావు. ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో ఒక్కసారి తెరిచి సేవ్ చేస్తే 00457 అన్న ఖాతా నంబరు 457గా మిగులుతుంది.

ఫీల్డులను మార్చేటప్పుడు పాటించవలసినవి:

- నక్షత్రం పడిన రికార్డులను కూడా తీయండి, వాటికి తొలగించినవి అన్న గుర్తును ప్రత్యేక కాలమ్‌లో ఉంచండి.
- ఖాళీ తేదీ ఎనిమిది ఖాళీలుగా నిల్వ ఉంటుంది. దాన్ని శూన్య విలువగానే తీసుకోండి, 1900 జనవరి 1గా మార్చవద్దు.
- అంకెల ఫీల్డులో ఖాళీ వేరు, సున్నా వేరు. రేటు వేయలేదన్నదానికీ ఉచితంగా ఇచ్చారన్నదానికీ తేడా అదే.
- అక్షరాల ఫీల్డు చివరి ఖాళీలను తీసేయండి, మొదటి ఖాళీలను ఉంచండి. ఖాతా కోడ్లను కుడివైపుకు జరిపి నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది.
- డబ్బును దశాంశ రకంలోనే ఉంచండి, ఫ్లోట్ రకంలో వద్దు.
- రికార్డు నంబరునే ఇతర టేబుళ్లతో కలిపే కీగా వాడిన టేబుళ్లుంటే, తీసే సమయంలోనే ఆ నంబరును ఒక కాలమ్‌గా చేర్చండి.

అంకెల వెడల్పు సంగతి కాస్త ఆగి చూడవలసినది. పది వెడల్పు, రెండు దశాంశాలుగా నిర్వచించిన ఫీల్డులో చుక్కతో కలిపి పది అక్షరాలే పడతాయి, అంటే 9999999.99 దాకా. మొత్తం కోటికి చేరగానే ఫాక్స్‌ప్రో లోపమని చెప్పకుండా, పట్టించడం కోసం ముందు పైసల స్థానాలను తగ్గిస్తుంది. అప్పటికీ పట్టకపోతే ఘాతాంక రూపంలో రాస్తుంది, అదీ కుదరకపోతే నక్షత్రాలతో నింపేస్తుంది. నక్షత్రాలు పడ్డాక అసలు అంకె ఆ ఫీల్డులో లేనట్టే, ఓచర్ల నుంచి మళ్లీ కూడుకోవాలి. ప్రతి అంకెల ఫీల్డులోనూ నక్షత్రాలనూ, పైసలు తగ్గిన విలువలనూ ముందే వెతికి జాబితా రాసుకోండి.

6. తెలుగు పేర్లు: అసలు చిక్కు ఇక్కడ

ఖాతాదారుల పేర్లు, ఊళ్లు తెలుగులో ఎక్కించిన ఫైళ్లు ఇంగ్లిషు ఫాంటులో తెరిస్తే పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. డేటా పాడైందనుకోకండి. అవి ఏదో ఒక పాత ఫాంటు సంకేతాలు. అయితే ఏ ఫాంటుతో రాశారో డీబీఎఫ్ చెప్పదు. రిపోర్టు ఫైలు చెబుతుంది: ఎఫ్‌ఆర్‌ఎక్స్‌ను టేబుల్‌గా తెరిచి ఫాంట్‌ఫేస్ కాలమ్ చూడండి. డాస్‌లో జిస్ట్ కార్డుతో (తెలుగు చూపడానికి కంప్యూటరులో అమర్చే కార్డు) నడిపిన వ్యవస్థ అయితే డేటా ఇస్కీ అనే భారతీయ లిపుల సంకేత పద్ధతిలో ఉండవచ్చు.

ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఇస్కీలో అక్షరాలు పలికే వరుసలో ఉంటాయి కనుక యూనికోడ్‌లోకి మార్చడం సులువు. ఫాంటు సంకేతాల్లో అక్షరం ముక్కలుగా, కంటికి కనిపించే వరుసలో ఉంటుంది. స్త్రీ అన్న మాటనే చూడండి. చాలా పాత ఫాంట్లలో ముందు సీ ఆకారం, తర్వాత తవత్తు, ఆ వెనుకో ముందో రవత్తు పడతాయి. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర ఆ తర్వాతే గుడిదీర్ఘం రావాలి. అంటే గుణింతాన్ని పట్టి చివరికి జరపాలి. ఫాంటు పేరు తెలియకుండా దొరికిన కన్వర్టర్ వాడితే నూటికి తొంభై సరిగ్గా వచ్చినట్టే కనిపిస్తుంది. తేడాలన్నీ వత్తుల దగ్గరే ఉంటాయి.

క్రమం ఇలా పెట్టుకోండి.

- తీసేటప్పుడు బైట్లను ఉన్నవి ఉన్నట్టే తీయండి. లాటిన్-1గా చదివితే ఏ బైటూ మారదు.
- విజువల్ ఫాక్స్‌ప్రో ద్వారా తీస్తే కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) మార్పిడి జరిగి సంకేతాలు చెడిపోవచ్చు. తెలుగు ఫీల్డులకు కోడ్ పేజీ అనువాదం వద్దన్న గుర్తు ఉందో లేదో చూడండి.
- కన్వర్టర్‌ను ముందు కష్టమైన పేర్ల మీద పరీక్షించండి: కృష్ణమూర్తి, రాజ్యలక్ష్మి, సత్యనారాయణ, జ్యోత్స్న, శ్రీరామ్, ఈశ్వరమ్మ.
- పాత సంకేతాల కాలమ్‌ను పారేయకండి, కొత్త యూనికోడ్ కాలమ్ పక్కనే కొన్నాళ్లు ఉంచండి.
- పేరు పొడవు ఫీల్డు వెడల్పుతో సరిగ్గా సమానంగా ఉన్న రికార్డులను విడిగా తీయండి. ఆ పేర్ల చివరి ముక్క తెగిపోయి ఉండవచ్చు, కాగితం చూసి చేత్తో సరిచేయాలి.

కొత్త డేటాబేస్‌లో పేరు ఫీల్డు పొడవును ఉదారంగా పెట్టండి. స్త్రీ అన్న ఒక్క అక్షరమే యూనికోడ్‌లో 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అకారాది క్రమం కూడా మారుతుంది. పాత జాబితాలో మీ ఆపరేటరుకు కంఠతా వచ్చిన వరుస కొత్తదానిలో కనిపించదు, ఆ సంగతి వారికి ముందే చెప్పండి.

చూడడానికి ఒకటిగా ఉన్న రెండు పేర్లు లోపల వేరు సంకేతాలతో ఉండి, మార్పిడి తర్వాత అచ్చంగా ఒకటే కావచ్చు. వెంటనే రెండు ఖాతాలను కలిపేయాలన్న ఉత్సాహం వస్తుంది. ఈ పని నడుస్తుండగా ఖాతాలు కలపవద్దు. ఒకే పేరున్న తాతామనవలు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

7. జిల్లా, మండలం కోడ్లు

2014 జూన్ 2న రాష్ట్ర విభజన, 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలు కావడం: పాత మాస్టర్ టేబుల్ వీటిలో ఎక్కడ ఆగిపోయిందో చూడండి. పాత కోడ్ మీద కొత్త కోడ్ రాసేస్తే పాత బిల్లు మీదున్న చిరునామా చరిత్రే మారిపోతుంది. పాత కోడ్, కొత్త కోడ్, ఏ తేదీ నుంచి అన్న మూడు కాలమ్‌ల టేబుల్ ఒకటి విడిగా చేయండి. జిల్లా స్థాయిలో ఈ జతపరచడం కుదరదు, కనీసం మండలం స్థాయిలో చేయాలి, ఎందుకంటే ఒక పాత జిల్లా అనేక కొత్త జిల్లాల్లోకి చీలింది.

8. కొత్త స్క్రీన్లు

డేటాబేస్ ఏది, భాష ఏది అన్న చర్చ ఇక్కడ చేయను. మీ ఊళ్లో మరమ్మతుకు మనిషి దొరికేది తీసుకోండి. ఒక్క విషయం మాత్రం ఒప్పందంలో రాయించండి: ఎంట్రీ స్క్రీన్ మొత్తం కీబోర్డుతోనే నడవాలి. ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోవడం, ఫంక్షన్ కీతో ఖాతాల జాబితా తెరుచుకోవడం, అంకెల కీప్యాడ్ నుంచి చెయ్యి తీయకుండా ఓచరు పూర్తికావడం పాత ప్రోగ్రాములో ఉన్నాయి. ప్రతి ఓచరుకూ మౌస్ పట్టుకోవలసి వస్తే, ఆపరేటర్లు చాటుగా పాతదానిలోనే ఎంట్రీలు వేయడం మొదలుపెడతారు.

9. సరిచూడడం, జంటగా నడపడం

ముందు నిల్వ డేటాను సరిచూడాలి. ప్రతి టేబుల్‌కూ, ప్రతి సంవత్సరం ఫోల్డరుకూ విడిగా:

- బతికున్న రికార్డుల సంఖ్య, తొలగించిన రికార్డుల సంఖ్య.
- ప్రతి అంకెల ఫీల్డు మొత్తం.
- అన్నిటికన్నా పాత తేదీ, కొత్త తేదీ, ఖాళీ తేదీల సంఖ్య.
- మాస్టర్‌లో లేని ఖాతా కోడ్‌తో ఉన్న లావాదేవీలు.
- ట్రయల్ బ్యాలెన్స్, ముద్రించి సంతకమైన పాత కాగితంతో.

చివరిది తప్పనిసరి. పాత ప్రోగ్రాము ఈరోజు ఇచ్చే ట్రయల్ బ్యాలెన్స్, ఆనాడు ఆడిటర్ సంతకం చేసిన ట్రయల్ బ్యాలెన్స్ ఒకటి కాకపోతే, సంతకం తర్వాత ఎవరో పాత ఎంట్రీలను కదిలించారన్నమాట. దాన్ని ఇప్పుడే రాతపూర్వకంగా నమోదు చేయండి. లేకపోతే ఆ తేడా కొత్త ప్రోగ్రాము నెత్తిన పడుతుంది.

తర్వాత రెండు ప్రోగ్రాములనూ జంటగా నడపాలి. కనీసం ఒక నెలాఖరూ, వడ్డీ వేసే ఒక త్రైమాసికాంతమూ అందులోకి రావాలి. వచ్చిన ప్రతి తేడాకూ ఒక పుస్తకం పెట్టి, అది పాతదాని తప్పా, కొత్తదాని తప్పా, నియమంలో తేడానా అని తేల్చి రాయండి. పాతదానిలో తప్పు దొరికితే దాన్ని వెంటనే కొత్తదానిలో సరిదిద్దవద్దన్నది నా అభిప్రాయం. ముందు కొత్తది ఆ తప్పుతో సహా పాతదానితో పైసా తేడా లేకుండా కలవాలి. కలిసిందని సంతకాలయ్యాక, ఫలానా తేదీ నుంచి అని రాసి సవరించండి. మార్పిడినీ సవరణనూ ఒకేసారి చేస్తే, మిగిలిన తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

10. మారే రోజు

ఏప్రిల్ 1 సహజమైన తేదీ. దానితో ఒక చిక్కుంది: గత సంవత్సరం ఆడిట్ ఎంట్రీలు అప్పటికి పూర్తికావు, చాలా సంస్థల్లో సెప్టెంబరు దాకా వస్తూనే ఉంటాయి. కనుక ప్రారంభ నిల్వలను రెండుసార్లు తీసుకువెళ్లే ఏర్పాటు చేయించండి, ఏప్రిల్‌లో తాత్కాలికంగా, ఆడిట్ తర్వాత ఖరారుగా. పాతదానిలో ఆ ఆడిట్ ఎంట్రీలు వేసే హక్కు ఒక్కరికే ఉంచి, మిగతావారికి రాసే అనుమతి తీసేయండి.

- మార్చి 31 సాయంత్రం ఎంట్రీలు ముగిశాక పూర్తి నకలు, హ్యాష్ పట్టిక.
- మెమ్ ఫైలులోని ఆఖరి నంబర్లను కాగితం మీద రాసి సరిచూడడం.
- ఇన్వాయిస్‌లకు కొత్త వరుస. జీఎస్‌టీ నిబంధన ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో పునరావృతం కాకూడదు.
- అన్ని డెస్క్‌టాప్‌ల మీద పాత షార్ట్‌కట్ తొలగింపు.
- ఏ పరిస్థితిలో, ఎన్ని రోజుల్లోపు వెనక్కి వెళతామో ముందే రాసి ఉంచడం.

11. మధ్యలో ఎదురయ్యే ఇబ్బందులు

*ఫాక్స్‌ప్రో 2.6 తెరవగానే సున్నాతో భాగించారన్న లోపం.* ప్రాసెసర్ వేగం ఎక్కువ కావడం వల్ల వస్తుంది. పాత డాస్ కంప్యూటరును అనుకరించే డాస్‌బాక్స్‌లో వేగం తగ్గించి నడపండి.

*ఇండెక్స్ టేబుల్‌తో సరిపోలడం లేదన్న సందేశం.* డేటా తీయడానికి ఇండెక్స్ అవసరం లేదు. ఇండెక్స్ జోలికి పోని సాధనంతో నకలును చదవండి.

*కరెంటు పోయాక టేబుల్ తెరుచుకోకపోవడం.* హెడర్‌లోని రికార్డుల సంఖ్య, ఫైలులో నిజంగా ఉన్న రికార్డుల సంఖ్య కలవకపోవడం సాధారణ కారణం. ఫైలు పరిమాణంలోంచి హెడర్ పొడవు తీసివేసి, ఒక రికార్డు పొడవుతో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. నకలులో ఆ సంఖ్యను హెడర్ మొదట్లో, తేదీ బైట్ల వెంటనే ఉండే నాలుగు బైట్లలో సరిచేయాలి.

*మెమోలు ఖాళీగా రావడం.* ఎఫ్‌పీటీ ఫైలు పక్కన లేకపోవడమో, వేరే సంవత్సరం ఎఫ్‌పీటీ చేరడమో కారణం. డీబీఎఫ్, ఎఫ్‌పీటీ రెండూ ఒకే బ్యాకప్‌లోవి కావాలి.

*టేబుల్ పరిమాణం 2 జీబీకి దగ్గరపడడం.* అదే ఫాక్స్‌ప్రో గరిష్ఠ పరిమితి. జంటగా నడిపే కాలంలో దాటే ప్రమాదం ఉంటే పాత సంవత్సరాలను ముందే వేరు చేయండి.

12. పాతదాన్ని దాచడం

32 బిట్ విండోస్ ఉన్న వర్చువల్ మెషీన్‌లో (ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరు), నెట్‌వర్క్ లేకుండా, ప్రోగ్రామునూ డేటానూ ఉంచండి. విజువల్ ఫాక్స్‌ప్రో 9 అయితే వీఎఫ్‌పీ9ఆర్, వీఎఫ్‌పీ9టీ డీఎల్‌ఎల్‌లు, భాషా వనరుల ఫైలు, ఎంఎస్‌వీసీఆర్71 కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. డాస్ ప్రోగ్రాములకు ముద్రణ అవసరమైతే డాస్‌ను అనుకరించే వీడాస్ నయం. ప్రతి సంవత్సరం లెడ్జర్లనూ, ట్రయల్ బ్యాలెన్స్‌నూ పీడీఎఫ్‌గా తీసి విడిగా పెట్టండి, వర్చువల్ మెషీన్ ఒకనాడు తెరుచుకోకపోయినా అవి తెరుచుకుంటాయి.

ఏటా ఒకసారి ఆ మెషీన్‌ను తెరిచి, ఏదో ఒక ఖాతా లెడ్జరును ముద్రించి చూసే బాధ్యతను ఒకరి పేరున రాయండి. కంపెనీల చట్టం పద్దులను 8 ఆర్థిక సంవత్సరాలు దాచమంటుంది. జీఎస్‌టీ చట్టం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు అంటుంది. పాతదానిలో చివరి ఎంట్రీలు 2025-26 సంవత్సరానివైతే 2034 మార్చి 31 దాకా దాన్ని తీసేయడానికి లేదు. ఈలోగా ఏదైనా వ్యాజ్యమో అప్పీలో నడుస్తుంటే అది తేలేదాకా ఉంచాలి.